గాలి తరఫు సాక్షి

“నిన్న మీరు ఆ స్టోరు గదిలో అడుగే పెట్టలేదంటారు?”

“పెట్టలేదండీ.”

“అటెండరు మిమ్మల్ని చూశానంటున్నాడు. భోజనాల బెల్లప్పుడు తల పట్టుకుని, మొహం ఎర్రగా కందిపోయి, అందులోంచి బయటికొచ్చారట.”

“అతనికి కళ్లజోడు మార్చుకునే వేళైందండీ.”

ఈ మాట గడుసుగానే అన్నాననుకున్నాడు కెమిస్ట్రీ సారు. అన్న మరుక్షణం మాత్రం అతని చూపు కిటికీలోంచి పారిపోయింది. డిటెక్టివ్‌కి అదే అంతుబట్టలేదు. అబద్ధం ఆడేవాళ్లు మామూలుగా ఎదుటి మనిషి మొహంలోకే చూస్తారు, నమ్మారో లేదోనని. ఇతను చూడటం లేదు. ఎవరికో మాటిచ్చి, ఆ మాట మొయ్యలేక అవస్థ పడుతున్నవాడిలా ఉన్నాడు.

ఆమె ఈ బడికి వచ్చి ఎంతోసేపు కాలేదు. నిన్న సాయంత్రం బడి వదిలాక, లాబ్‌ని ఆనుకుని ఉన్న స్టోరు గదిలో ఫిజిక్స్ మేడమ్ స్పృహ లేకుండా పడి ఉంది. తాళం వెయ్యబోయిన అటెండరు చూసి, బయటికి ఈడ్చుకొచ్చి, నలుగుర్నీ కేకేశాడు. ఇప్పుడామె ఆసుపత్రిలో ఉంది. కళ్లు తెరుస్తోంది, మూస్తోంది, ఒకటడిగితే ఒకటి చెబుతోంది. ఊపిరాడక పడిపోయిందని డాక్టర్లు తేల్చారు. కడుపులో విషం లేదు, ఒంటి మీద దెబ్బ లేదు. “మా కోడలి ఊపిరి తియ్యబోయింది ఎవడో నాకు తెలియాలమ్మా” అంటూ ఆమె అత్తగారు తెల్లవారగానే డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది.

“చాల్లెండి వదినా. మీరడిగేవన్నీ నేను రాత్రే అడిగేశాను.”

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ భర్తకి స్వయానా తమ్ముడు. ఇంట్లో వదిన వడ్డిస్తే గాని ముద్ద ముట్టడు. కేసు దగ్గర మాత్రం ఆమె నీడ పడినా ఒప్పుకోడు.

“అడిగావు సరే మరిదిగారూ, ఏం రాబట్టావు?”

“ఏమీ చెప్పకపోవడమే చెప్పినట్టు. వీళ్లిద్దరికీ నిన్న రెండో పీరియడ్లో మాటా మాటా అయింది. భోజనాల వేళ ఈయన ఆ గదిలోంచి వచ్చాడు. సాయంత్రానికి ఆవిడ పడిపోయింది. ఇంక నాకేం కావాలి?”

“ఎలా పడిపోయిందో కావాలి.”

“ఊపిరాడక.”

“ఎందుకాడలేదు?”

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

“వినండి. ఆ గదిలో గాలిని కొలిచే సెన్సర్ ఒకటుంది. పిల్లల ప్రయోగాల కోసం కొన్నది. నిన్నంతా నడుస్తూనే ఉంది. అది కొలిచిందంతా ల్యాప్‌టాప్‌లో పడింది, నేనే చూశాను. తలుపులేసిన తరగతి గదిలో గాలి ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఒక పిసరు ఎక్కువ లేదు. గాలి బాగున్నప్పుడు మనిషికి ఊపిరెందుకాడదు? ఎవరైనా ఆడనివ్వకపోతేనే. మెత్తటిదేదో మొహానికి అదిమిపెట్టారు. గాలి తరఫున సాక్ష్యం చెప్పడానికి మిషను ఉంది వదినా. ఈయన తరఫున ఎవరున్నారో చెప్పండి.”

డిటెక్టివ్‌కి మరిది చెప్పినదాంట్లో కన్నం కనపడటం లేదు. అలాగని నమ్మబుద్ధీ కావడం లేదు. ముక్కూ నోరూ మూసేస్తే మనిషి గింజుకోదా? గోళ్లతో రక్కదా? ఆమె చేతి గాజు ఒక్కటి కూడా చిట్లలేదని అత్తగారు చెప్పింది.

“ఆ గది చూపించు.”

“సీలేశాను.”

“వేసిన చేత్తోనే తియ్యి.”

మూల నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

మెట్ల దగ్గర ప్రిన్సిపాల్ ఎదురయ్యాడు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. “పిల్లల కంట పడేలా హడావుడి చెయ్యకండమ్మా. చిన్నపిల్లలు, జడుసుకుంటారు” అంటూ తానే ముందుండి దారి చూపించాడు.

లాబ్ ఉన్న అంతస్తు సగం నేలలోకి దిగి ఉంది. సన్నటి నడవా. మొదట్లో పెద్ద హాలు. చిన్న తరగతుల పిల్లలు నేల మీద బోర్లా పడుకునీ, మోకాళ్ల మీద వంగీ బొమ్మలు గీస్తున్నారు. ఒకమ్మాయి రంగు పెన్సిలు పట్టుకునే జోగుతోంది.

“వీళ్లని ఇక్కడికి దింపితే చాలు, ఆవులింతలే ఆవులింతలు” అని డ్రాయింగ్ టీచరు గుమ్మంలోంచి నవ్వింది. “పైన గంతులేసేవాళ్లు ఇక్కడ ఎంత బుద్ధిమంతులైపోతారో!”

హాలు పక్కన లాబ్, లాబ్ పక్కన స్టోరు, నడవా చివర తాళం వేసిన తలుపు. అదేమిటని డిటెక్టివ్ అడిగింది.

“విరిగిన బెంచీలమ్మా” అన్నాడు ప్రిన్సిపాల్.

ఇన్‌స్పెక్టరు స్టోరు గది సీలు తీసి, తలుపు బార్లా తెరిచి, దానికి ఇటుక అడ్డం పెట్టాడు. లోపలికి ఇంకో రెండు మెట్లు దిగాలి. అతను పైమెట్టు మీదే ఆగిపోయాడు. డిటెక్టివ్ దిగింది.

బల్ల మీద ఈరోజు క్లాసుకి సరంజామా అంతా పొందిగ్గా అమర్చి ఉంది. పొడవాటి వైర్లున్న ఉష్ణోగ్రత సెన్సర్లు, ఒక్కో జట్టుకి ఒకటి. ఒక గ్లాసు పాత్రలో కరిగిపోయిన మంచు నీళ్లు, పక్కనే నీళ్లు మరిగించే కెటిల్. మంచులో ముంచి ఇది సున్నా అని, మరిగే నీళ్లలో ముంచి ఇది వంద అని ప్రతి సెన్సర్‌కీ చెప్పాలి. అప్పుడే మధ్యలోవన్నీ సరిగ్గా కొలుస్తుంది. మేడమ్ నిన్న ఆఖరి పీరియడ్లో ఆ పనే మొదలుపెట్టింది. సగం సెన్సర్లకి పచ్చ చీటీ అంటించి ఉంది. మిగతా సగం అలాగే ఉన్నాయి.

అన్నిటికన్నా కింది అరలో గాలి సెన్సర్ ఉంది. పది లక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఎన్ని పాళ్లుందో చెప్పే డబ్బా అది, అరచెయ్యంత. చిన్న దీపం వెలుగుతోంది. అంకె ఆరు వందల చిల్లర చూపిస్తోంది. దాని వైరు పట్టుకుని వెళ్తే ల్యాప్‌టాప్. తెర మీద నిన్నటి గీత, అంత ఎత్తూ లేక, అంత పల్లమూ లేక సాఫీగా సాగిపోతోంది.

“చూశారుగా” అన్నాడు ఇన్‌స్పెక్టరు పైనుంచి.

“చూశాను. నిన్నంతా నడిచిందన్నావే? ఇది మొదలైందే...”

ఆ వాక్యం పూర్తి చేసేలోగా ఆమె కంటికి అర కింద ఏదో కనిపించింది. నేల మీద మోకాళ్లాని వంగింది. గోడ మూల చచ్చిన బల్లి. దాని పక్కనే ఇంకోటి. కాస్త అవతల చిన్న చుంచెలుక, నిద్రపోతున్నట్టు ముడుచుకుని. ఒక్కదాని మీదా గాయం లేదు. తలెత్తి చూస్తే కప్పు దగ్గర ఇంకో బల్లి నిక్షేపంగా పాకుతోంది.

ఎలుకల మందా? మందు తిన్న ఎలుక సరే, బల్లులెందుకు తింటాయి? పైనున్న బల్లికి లేని కష్టం కింది బల్లులకేమిటి? అలా ఆలోచిస్తూ ఎంతసేపు వంగి ఉందో ఆమెకే తెలియలేదు. చచ్చినవి ఎన్నో లెక్కపెట్టింది. మూడు. మళ్లీ లెక్కపెడితే ఎంతవరకు వచ్చిందో మర్చిపోయింది. కణతల దగ్గర డప్పు మోగినట్టుంది. పరిగెత్తుకొచ్చిన మనిషిలా రొప్పుతోంది. తెర మీద గీత చూసి మరిదిని ఏదో అడగాలనుకుంది. ఏమిటది? నాలుక చివరే ఉంది. గట్టి ప్రశ్నే. ఎంత తడుముకున్నా దొరకలేదు.

“వదినా? పొద్దున్నే ఏమైనా తిన్నారా?”

“నేనేమడిగాను?”

“ఏమీ అడగలేదు. ఇందాకట్నుంచి ఎలుకతో మంతనాలాడుతున్నారు.”

ఆమె అర పట్టుకుని లేచింది. గది గిర్రున తిరిగింది. ఇరవయ్యేళ్లుగా చావు చూసిన గదుల్లో తిరుగుతోంది. ఏనాడూ ఇలా బుర్ర మొద్దుబారలేదు. వయసు మీద పడిందా అని ఒక్క క్షణం భయం వేసింది. గాలి కోసం బయటికి పోవాలనిపించింది. ఎందుకో తెలియదు గాని, ల్యాప్‌టాప్‌లోంచి వైరు పీకి ఆ సెన్సర్‌ని కూడా చేత్తో పట్టుకుంది.

“అది సాక్ష్యం! అక్కడ పెట్టండి.”

“రాసుకో, నేనే ఎత్తుకుపోయానని.”

“వదినా, ఇది ఇల్లు కాదు. మీ మీద కూడా కేసు రాయగలను.”

“రాయి. ముందు దారి వదులు.”

ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కి ఆవరణలోకి వచ్చింది. అరుగు మీద కూలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చి మండిపడుతూ నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ కొంచెం దూరంలో ఆగాడు. కానిస్టేబుల్ కాపలాలో కెమిస్ట్రీ సారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

బ్యాటరీతో నడుస్తున్న ఒళ్లోని సెన్సర్ అంకె దిగుతోంది. మూడు వందలు. వంద. పదిహేను. ఐదు. కాసేపు అక్కడే కొట్టుకుని, చివరికి సున్నా మీద నిలబడింది.

“సున్నానా?”

అడిగింది కెమిస్ట్రీ సారు. బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏం, రాకూడదా?” అంది డిటెక్టివ్.

“ఆరుబయట ఎంత మంచి గాలిలోనైనా నాలుగు వందలు దాటే ఉంటుందండీ. సున్నా ఎక్కడా రాదు. కొండల మీదా రాదు, సముద్రం మధ్యలోనూ రాదు.”

“మరి దీనికెందుకొచ్చింది?”

అతను పెదవులు తడుపుకున్నాడు. “సెట్ చేసేటప్పుడు తప్పు జరిగి ఉంటుంది. దీన్ని ఆరుబయట పెట్టి, బొత్తం నొక్కి, ఇదే మంచి గాలి అని నేర్పాలి. మిగతా గాలినంతా దాంతోనే పోల్చుకుంటుంది. తప్పుడు రాయితో తూచే త్రాసనుకోండి. పెద్ద బండరాయి చూపించి ఇదే కిలో అని చెబితే, ఆ తర్వాత సిమెంటు బస్తా వేసినా రెండు కిలోలే అంటుంది.”

“బస్తా వేసినా రెండే అంటుంది...” ఆమె ఆ మాటని మెల్లగా తనలో తాను చెప్పుకుంది. చల్లటి గాలికి తల తేలిక పడుతోంది. ఇందాక దొరక్కుండా పోయిన ప్రశ్న ఇప్పుడు దానంతటదే నోట్లోకి వచ్చింది. “మరిదీ! నిన్నంతా నడిచిందన్నావు. ఆ గీత భోజనాల తర్వాతే మొదలైంది. అంతకుముందుది ఏమైంది?”

“నేను... చివరే చూశాను.”

“ఎవరో మధ్యాహ్నం దీనికి కొత్తగా నేర్పారు. అప్పట్నుంచి గీత మళ్లీ మొదలైంది. నేర్పింది ఆరుబయట కాదు, ఆ గదిలోనే. అప్పటికే అక్కడ గాలి చెడిపోయి ఉంది. చెడ్డ గాలినే మంచిదని నేర్చుకుంది ఇది. అందుకే ఇంకా చెడినా చలించలేదు. ఆవిడ మొహం మీద ఎవరూ ఏమీ అదమలేదు. గదిలో గాలే లేదు.”

“రాత్రి ఆ గదిలో నేనూ ఉన్నాగా! నాకేం కాలేదే!”

“తలుపులు బార్లా తీసి, నలుగురు లోపలికీ బయటికీ తిరుగుతూంటే ఉన్నావు. ఆ తర్వాత తలుపేసి సీలేశావు. రాత్రంతా మళ్లీ నిండింది. ఆ వాయువు బరువైంది, నీళ్లలా అడుగున చేరుతుంది. కప్పు మీది బల్లి బతికింది, నేల మీదివి చచ్చాయి. నువ్వు పైమెట్టు మీద నిలబడ్డావు గనక బాగున్నావు. నేను వంగాను గనక...”

ఆమె అరుగు మీంచి దిగ్గున లేచింది. ఇన్‌స్పెక్టరు ఆమె వైపే చూస్తున్నాడు.

“తలుపు తీసే ఉంచి వచ్చాం” అందామె. “ఇటుక అడ్డం పెట్టి. కింద పిల్లలు నేల మీద పడుకుని బొమ్మలు గీస్తున్నారు!”

ఎవరు ముందు పరిగెత్తారో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. హాల్లో డ్రాయింగ్ టీచరు కుర్చీలో కూర్చుని నుదురు నొక్కుకుంటోంది. పిల్లల్లో సగంమంది కాగితాల మీద తల వాల్చేశారు. “లేవండి, లేవండి, పైకి!” అని డిటెక్టివ్ అరుస్తుంటే మొద్దునిద్రలోంచి లేపినట్టు చూశారు. నడవగలిగినవాళ్లని టీచరు తరిమింది. ఇన్‌స్పెక్టరు చంకకొకర్ని ఇరికించుకుని మెట్లెక్కి, దింపి, మళ్లీ దిగాడు. కెమిస్ట్రీ సారుని ఆపాలన్న సంగతి కానిస్టేబుల్‌కి గుర్తులేదు. ఇద్దరూ కలిసే పిల్లల్ని మోశారు. ఇందాక పెన్సిలు పట్టుకుని జోగిన అమ్మాయి ఎంత కుదిపినా కళ్లు తెరవలేదు. డిటెక్టివ్ ఆ పిల్లని భుజాన వేసుకుని ఆవరణలోకి తెచ్చి పడుకోబెట్టి, బుగ్గలు తట్టింది. పిల్ల ఒకసారి దగ్గి, కళ్లు విప్పి, “నా బొమ్మ తొక్కేశారు” అని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు వినగానే ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నేల మీదే కూర్చుండిపోయాడు.

టీచరు రెండుసార్లు తలలు లెక్కపెట్టింది. అందరూ వచ్చేశారు.

“వదినా,” అన్నాడతను. “సీలేసింది నేను. తీసిందీ నేనే.”

“తియ్యమంది నేను. అది తర్వాత చూసుకుందాం. ఆ వాయువు ఎక్కణ్నుంచి వస్తోందో ముందు అది తేలాలి.”

కెమిస్ట్రీ సారు అడక్కుండానే సెన్సర్ అందుకున్నాడు. ఆవరణ మధ్యలో, గాలి బాగా ఆడేచోట, ఎవరి ఊపిరీ తగలకుండా చెయ్యి చాపి పట్టుకుని బొత్తం నొక్కాడు. అంకె నాలుగు వందల దగ్గర కుదిరాక, ముగ్గురూ బడి వెనక గోడ వెంబడి నడిచారు, ప్రిన్సిపాల్ వాళ్ల వెనకే వచ్చాడు. కింది గదుల వెంటిలేటర్లు అక్కడ నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. వైరు పట్టుకుని సెన్సర్‌ని ఒక్కో దాంట్లోంచి కిందికి వదిలి, వంగి అంకె చదివారు. హాల్లో అంకె వేలల్లోకి ఎక్కింది. లాబ్‌లో ఇంకా పెరిగింది. స్టోరు దగ్గర నలభై వేలు దాటింది. ఆఖరి వెంటిలేటరుకి లోపల్నుంచి అట్టముక్క కొట్టి ఉంది. ఇన్‌స్పెక్టరు లాఠీతో దాన్ని పగలగొట్టాడు. సెన్సర్ దిగీ దిగకముందే అంకె కొలత దాటి గీతలు గీతలుగా మారిపోయింది.

“విరిగిన బెంచీలు ఇంత ఊపిరి వదులుతాయా సార్?” అంది డిటెక్టివ్ వెనక్కి తిరిగి.

ప్రిన్సిపాల్ జేబులు తడుముకున్నాడు. తాళంచెవి ఇంట్లో ఉండిపోయిందన్నాడు. ఫైరింజన్‌వాళ్లు వచ్చి, ముసుగులేసుకుని దిగి, తాళం పగలగొట్టారు. లోపల ఒక్క బెంచీ లేదు. గోడ పొడవునా మనిషెత్తు సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కూల్‌డ్రింకుల్లోకి ఎక్కించే వాయువు. ఒకదాని మెడ దగ్గర సన్నగా బుసకొడుతోంది. ప్రిన్సిపాల్ బామ్మర్ది కూల్‌డ్రింకులు చేస్తాడనీ, సరుకు పెట్టుకోవడానికి అతనికి చోటు లేదనీ అటెండరు నసుగుతూ చెప్పాడు.

“చుట్టం అడిగితే కాదనలేకపోయానమ్మా” అన్నాడు ప్రిన్సిపాల్. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. “అది కారుతోందని నాకేం తెలుసు? తెలిస్తే ఊరుకుంటానా? సెన్సర్‌ని చెడగొట్టినవాణ్ని అడగండి.”

అందరూ కెమిస్ట్రీ సారు వైపు చూశారు.

“నేనే చేశాను” అన్నాడతను. “నిన్న పొద్దుట్నుంచి అది అలారం మోగిస్తోంది. పాడైందని మేడమ్‌తో నేనన్నాను, కాదని ఆవిడంది. దానికే మాటా మాటా అయింది. భోజనాల వేళ నేను దిగి సెట్ చేశాను. బయటికి తీసుకెళ్లబోతే...” అతను ఆగి, ఈసారి కిటికీలూ గోడలూ వెతుక్కోకుండా నేరుగా ప్రిన్సిపాల్ మొహంలోకి చూశాడు. “బయటికెందుకు, అక్కడే నొక్కెయ్యి అన్నారు కదా సార్. ఆ గదిలోనే ఉంచి నొక్కమన్నారు కదా.”

“నాకు వాటి సంగతేం తెలుసయ్యా? ఏదో మాటవరసకి అన్నానేమో.”

“మీకు తెలియదా?” అతను డిటెక్టివ్ వైపు తిరిగాడు. “నేను ఈ బళ్లోనే చదువుకున్నానమ్మా. మాకు ఫిజిక్స్ చెప్పింది ఈయనే. త్రాసుని సరిచెయ్యకుండా తూస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. బండరాయి పెట్టి ఇదే కిలో అనే మాట కూడా ఈయనదే. ఈయన చెబితే తప్పుంటుందని నాకు తట్టలేదు. నిన్న రాత్రి పిలిచి, నువ్వా గదిలోకి వెళ్లినట్టు ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటానన్నారు. ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు. అయినా సరేనన్నాను.”

డిటెక్టివ్ ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి మేడమ్ అత్తగారు. కోడలికి తెలివి వచ్చిందట, ఒకే మాట పట్టుకుని పీకుతోందట, మీతో చెప్పాలంటోందట. డిటెక్టివ్ స్పీకర్ పెట్టింది. నీరసంగా, మాటకీ మాటకీ మధ్య ఆయాసంగా ఒక ఆడగొంతు వినిపించింది.

“సార్‌కి చెప్పాను... నిన్న రెండో పీరియడ్ అవగానే... కింద గాలి బాలేదు, తాళం వేసిన గదిలోంచే వస్తోంది, చిన్నపిల్లల్ని దింపొద్దని. మధ్యాహ్నానికి సరిచేశామన్నారు, మోత ఆగిపోయింది. నేనే పొరబడ్డాననుకున్నాను. అయినా నా మనసొప్పక, రేపటికి వాళ్లని పైనే ఉంచమన్నాను... ఉంచారా?”

అందరి కళ్లూ ప్రిన్సిపాల్ మీదికి తిరిగాయి.

“ఉంచారాండీ?”

“అందరూ పైనే ఉన్నారమ్మా” అంది డిటెక్టివ్. “మీరు పడుకోండి.”

ఇన్‌స్పెక్టరు ప్రిన్సిపాల్ ఎదురుగా వచ్చాడు. బేడీలు నడుముకే ఉన్నాయి, అతని చెయ్యి ఇంకా వాటి దాకా వెళ్లలేదు.

“ఆవిడ చెప్పింది. అలారం మోగింది. ఆవిడ స్పృహ లేకుండా పడి ఉండటం కూడా నిన్న కళ్లారా చూశారు. చూసి కూడా ఈరోజు పిల్లల్ని అక్కడికే దింపారా?”

ఆవరణలో పిల్లలు ఒకరినొకరు ఆనుకుని నీళ్లు తాగుతున్నారు. ప్రిన్సిపాల్ వాళ్ల వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, పాఠం అర్థం కాని పిల్లవాడికి నచ్చజెబుతున్నట్టు అన్నాడు:

“పైన ఉంచితే ఎందుకని అందరూ అడుగుతారు కదా, బాబూ.”